తర్వాత వచ్చేవాళ్ళ కట్టెలు

మా మేనల్లుడు జూరిక్ నుంచి ఒక ఫొటో పంపాడు. అందులో మనుషులెవరూ లేరు. చిన్న కిటికీ, కిటికీ అవతల తెల్లటి కొండ. ఇవతల ఇనప పొయ్యి, దాని పక్కన గోడ వారగా నడుమెత్తున పేర్చిన కట్టెలు. పొయ్యి రాజేయడానికి సన్నగా చీల్చినవి ఒక పక్క, రాత్రంతా మండే మొద్దులు ఒక పక్క. కింద ఒకే వాక్యం రాశాడు: "మామా, ఇవి మేము కొట్టినవే. కానీ మాకు కాదు, మా తర్వాత వచ్చేవాళ్ళకు."

వాడు మదనపల్లెలో పుట్టి పెరిగిన పిల్లవాడు. నీరుగట్టువారిపల్లెలో మగ్గాల చప్పుడు, టమాటా లారీల చప్పుడు వింటూ బడికి పోయినవాడు. మంచు అంటే వాడికి తెలిసింది ధనుర్మాసంలో పొద్దున్నే చింతచెట్ల మీద దిగే పొగమంచు ఒక్కటే. అలాంటివాడు ఆ దేశంలో ఉద్యోగానికి పోయి, కాళ్ళకు స్కీ పలకలు కట్టుకొని మంచుకొండలు ఎక్కుతున్నాడని తెలిసి మా అక్క నెల రోజులు సరిగ్గా నిద్రపోలేదు. నేను మాత్రం ఆ కట్టెల దగ్గరే ఆగిపోయాను. ఫొటో వచ్చి రెండేళ్ళవుతోంది. ఇప్పటికీ అప్పుడప్పుడూ తీసి చూస్తుంటాను.

స్కీయింగ్ అంటే నేను సినిమా పాటల్లో చూసిందే. వాడు చేసేది ఆ రకం కాదట. తీగలకు వేలాడే కుర్చీల్లో కూర్చోబెట్టి పైకి తీసుకుపోయే చోట్లు వేరు. వీళ్ళు ఆ తీగలూ కుర్చీలూ లేని కొండల్లోకి సొంత కాళ్ళతో ఎక్కిపోతారు. స్కీ పలకల అడుగున బొచ్చు గుడ్డ ఒకటి అంటిస్తారు. ముందుకు తోస్తే అది జారుతుంది, వెనక్కి జారబోతే బొచ్చు లేచి మంచును పట్టుకుంటుంది. పూర్వం సీల్ అనే సముద్రజంతువు తోలు కట్టేవాళ్ళు, ఇప్పుడు నైలాను వచ్చినా దాన్ని తోలు అనే పిలుస్తున్నారట. నాలుగైదు గంటలు ఎక్కిన కొండ దిగడానికి అరగంట చాలు. మంచుచరియ మీదికి జారితే మనిషి ఎక్కడ కూరుకుపోయాడో చెప్పే చిన్న యంత్రం ఒకటి ఒంటికి కట్టుకుంటారు. వెతకడానికి పొడుగాటి కడ్డీ, తవ్వడానికి పార ప్రతి ఒక్కరి సంచీలో ఉంటాయి. తన పార తనకు పనికి రాదు, పక్కవాణ్ణి తవ్వి తీయడానికే పనికొస్తుంది. ఈ సంగతి వాడు ఫోనులో మామూలుగా చెప్పుకుపోయాడు గానీ నాకు ఆ రాత్రంతా అదే గుర్తొచ్చింది.

అలా ఎక్కిపోగా పైన ఒక విడిది కనిపిస్తుంది. ఎండాకాలమంతా, చలికాలం చివర కొన్ని వారాలూ దాన్ని చూసుకునే మనిషి ఉంటాడు. మిగతా రోజుల్లో అతను ఊళ్ళోకి దిగిపోయేటప్పుడు ఒక్క గదికి తాళం వెయ్యకుండా పోతాడు. ఆ గదిలో పొయ్యి, కట్టెలు, మడిచిపెట్టిన దుప్పట్లు, వంటగిన్నెలు ఉంటాయి. ఉన్నందుకు డబ్బు పెట్టెలో వెయ్యాలి, చేతిలో లేకపోతే ఇంటికి పోయి పంపాలి. అడిగే మనిషి లేడు. బల్ల మీద ఒక పుస్తకం ఉంటుంది. పేరేమిటి, ఎక్కడి నుంచి వచ్చారు, రేపు ఎటు పోతారు అని అందులో రాయాలి. మనిషి కనిపించకపోతే వెతికేవాళ్ళకు ఆనవాలు ఆ పుస్తకమే. బూట్లు వాకిట్లోనే విడవాలి. "మన ఇంటి మాదిరే మామా" అన్నాడు వాడు ఆ మాట చెప్పేటప్పుడు, గొంతులో చిన్న సంతోషంతో.

నీళ్ళ కథ ఇంకా బాగుంది. చుట్టూ కంటికానినంత దూరం నీళ్ళే, కానీ గడ్డకట్టి ఉన్నాయి. కుళాయి రాదు. పెద్ద గిన్నెతో మంచు తెచ్చి పొయ్యి మీద పెట్టి కరిగించాలి. కొత్తగా పడిన మంచు పది గిన్నెలు కరిగిస్తే ఇంచుమించు ఒక గిన్నె నీళ్ళవుతాయి. తాగడానికీ, మర్నాడు సీసాల్లో పోసుకోవడానికీ, వంటకూ కలిపి సాయంత్రమంతా ఒకరు పొయ్యి దగ్గరే కూర్చోవాలి. రెండు రాత్రులు అక్కడున్నాక స్నానం మాటే ఎవరికీ గుర్తు రాలేదన్నాడు.

1863లో స్విట్జర్లాండులో పర్వతారోహకుల సంఘం ఒకటి పుట్టింది. స్విస్ ఆల్పైన్ క్లబ్ అంటారు. అదే ఏడాది టోడి అనే కొండ మీద తమ మొదటి విడిది కట్టుకున్నారు. ఇప్పుడు అలాంటివి నూట యాభై దాకా ఉన్నాయి. ఆ సంగతి చదివినప్పుడు నాకు మన కొండ గుర్తొచ్చింది. ఇంచుమించు అదే కాలంలో, మదనపల్లె ఇంకా కడప జిల్లాలో ఉన్న రోజుల్లో, హార్స్‌లీ అనే కలెక్టరు ఏనుగు మల్లమ్మ కొండ ఎక్కి, ఎండలకు తట్టుకోలేక అక్కడే ఒక బంగళా కట్టించుకున్నాడు. కొండకు ఆయన పేరే మిగిలిపోయింది. మల్లమ్మ పేరు గుడికీ, పెద్దవాళ్ళ నోటికీ మిగిలింది. మల్లమ్మ ఏనుగులకు మేత పెట్టేదని కొందరంటారు, ఏనుగులే ఆమెను సాకాయని కొందరంటారు. రోగమొచ్చినవాళ్ళకు ఆకు పసరుతో నయం చేసేదనీ, ఒకరోజు ఎటుపోయిందో ఎవరికీ కనిపించలేదనీ, అందుకే గుడి కట్టుకున్నారనీ చెబుతారు. ఈ కథలో నాకు నచ్చేది ఒకటుంది. ఆ కొండ మీద మొదటి విడిది కలెక్టరుది కాదు, మల్లమ్మదే. వచ్చినవాళ్ళకు మందూ నీళ్ళూ అక్కడ దొరికేవి.

కలెక్టరు బంగళా కట్టిన రోజుల్లో ఘాట్ రోడ్డు లేదు. పెంకులు, దూలాలు, సున్నం, కిటికీ అద్దాలు, పింగాణీ గిన్నెలు అన్నీ నాలుగు వేల అడుగుల పైకి ఎవరో మోశారు. మోసినవాళ్ళ పేర్లు ఏ రాతి మీదా లేవు. కొండ మీద ఇల్లంటే మొదట మోత అని గుర్తుపెట్టుకోవాలి. కింద ఊళ్ళో ఇల్లు కడితే ఇటుకల బండి వాకిట్లోకి వస్తుంది. పైన ప్రతి ఇటుకా ఒక మనిషి నెత్తి మీదో ఒక గాడిద వీపు మీదో ఎక్కింది. అందుకే అక్కడ ఏ వస్తువునూ తేలిగ్గా పారెయ్యకూడదు.

మా అమ్మమ్మది పుంగనూరు. ఆమె ఇంట్లో చిన్నప్పుడు గడిపిన సెలవులు ఈ కట్టెల ఫొటోతో ఎందుకు కలిసిపోయాయో నాకు కొంత ఆలోచించాక గానీ తెలియలేదు. రాత్రి వంటలై, అందరూ తిన్నాక, ఆమె పొయ్యిలోని నిప్పులను ఒక మూలకు లాగి, పైన బూడిద కప్పేది. చేత్తో తట్టినట్టు గరిటెతో మెల్లగా అదిమేది, పసిబిడ్డకు దుప్పటి సర్దినట్టు. తెల్లారి బూడిద పక్కకు తోస్తే కింద ఎర్రగా నిప్పు. పక్కింటావిడ పిడక పట్టుకొని వచ్చి నిలబడేది. దీపాలు పెట్టాక ఇంట్లోంచి నిప్పు ఇచ్చేవాళ్ళు కాదు, పొద్దున్నే అయితే అడ్డు లేదు. అగ్గిపెట్టె కొనలేక కాదు. ఒక ఇంట్లో నిప్పు ఉండగా ఇంకో ఇంట్లో అగ్గిపుల్ల గీయడం ఆ తరం ఆడవాళ్ళకు మనసొప్పేది కాదు. ఒక్కోసారి మా ఇంట్లోనే నిప్పు ఆరిపోయేది. ఆ రోజు నన్ను పిడకిచ్చి పంపేవాళ్ళు. పిడక మీద నిప్పు పెట్టుకొని, గాలికి ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టి, వీధి దాటి వచ్చిన ఆ పది అడుగులూ నా బతుకులో మొదటి బాధ్యత.

దొడ్లో పుంగనూరు ఆవు ఒకటుండేది. ఆ జాతి ఆవు పెద్ద మనిషి నడుము దాటదు. మూడడుగుల లోపే. తక్కువ మేతతో, ఎండిన గడ్డితో బతుకుతుంది. పాలు కొంచెమే గానీ చిక్కన. ఆ నేలకు తగినట్టు ఒళ్ళు కుదించుకున్న జంతువు అది. చుక్క నీటికి లెక్క కట్టుకొని బతికిన నేల మాది, ఆవు కూడా ఆ లెక్క నేర్చుకుంది.

అమ్మమ్మ ఇంటికీ ఆల్ప్స్ విడిదికీ ఒక తేడా ఉంది. పుంగనూరులో నిప్పు ఆరిపోతే పక్కిల్లుంది. కొండ మీద పక్కిల్లు లేదు. అక్కడ పొరుగువాడు గోడ అవతల ఉండడు, నిన్నటి రాత్రిలో ఉంటాడు, రేపటి రాత్రిలో ఉంటాడు. నిన్న పడుకున్నవాడు కట్టెలు కొట్టి పోయాడు గనక ఈ రాత్రి నా చేతులు కొంకర్లు పోలేదు. రేపు చీకట్లో మంచు తుడుచుకుంటూ తలుపు తోసేవాడు నేను కొట్టిన కట్టెలు వెతుక్కుంటాడు. వాళ్ళ ముఖాలు నేను చూడను. చూడని మనిషితో ఇరుగుపొరుగు చెయ్యడమే కొండ మీద కాపురం.

ఇలాంటి పొరుగు మన దగ్గర లేదనుకుంటే పొరపాటు. కుప్పం దాటి తమిళనాడు వైపు పోయే పాత దారుల్లో, రెండు రాళ్ళు నిలువుగా పాతి, వాటి మీద ఒక రాతిని అడ్డంగా పెట్టినవి అక్కడక్కడా కనిపిస్తాయి. తమిళంలో సుమైతాంగి అంటారు. కుప్పంలో తెలుగూ తమిళమూ కన్నడమూ ఒకే అంగట్లో వినబడతాయి కాబట్టి అక్కడి తెలుగువాళ్ళకూ ఆ మాట కొత్త కాదు. ఆ రాయి ఎత్తు సరిగ్గా నెత్తిన మూటున్న మనిషి భుజమంత. ఒంటరిగా బరువు మోసుకొస్తున్నవాడు మూటను నేల మీద దించితే మళ్ళీ ఎత్తే తోడు ఉండదు. ఈ రాతి మీదికైతే తల కొంచెం వంచి మూటను జరుపుకోవచ్చు, అలుపు తీరాక అలాగే తల మీదికి లాక్కోవచ్చు. ఎవరి సాయమూ అక్కర్లేదు. నిజానికి సాయం ముందే జరిగిపోయింది, ఎప్పుడో రాయి పాతినవాడు చేసిపోయాడు. లారీలు వచ్చాక ఆ రాళ్ళ మీద ఎవరూ మూట దించడం లేదు. నేను వాటిని చూసినప్పుడల్లా ఆగి చెయ్యి ఆనించి వస్తాను.

మదనపల్లెలో చల్లగాలిని మందుగా ఇచ్చిన రోజులు కూడా ఉన్నాయి. ఊరికి దగ్గర్లోనే ఆరోగ్యవరం. 1912లో క్షయరోగుల కోసం మిషనరీ సంఘాలు కలిసి మొదలుపెట్టిన శానిటోరియం అది. డెన్మార్కు నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమొట్ మొల్లర్ దాన్ని నిలబెట్టిన డాక్టరు. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. అంతదాకా గాలి, ఎండ, విశ్రాంతి, మంచి తిండి, ఇవే వైద్యం. మదనపల్లె రెండు వేల అడుగుల పైన ఉండడం, గాలి పొడిగా ఉండడం అప్పట్లో రోగులకు ఆశ.

అదే 1912లో స్విట్జర్లాండులోని దావోస్ అనే కొండ ఊరికి జర్మన్ రచయిత థామస్ మన్ వెళ్ళాడు, శానిటోరియంలో ఉన్న భార్యను చూడడానికి. అక్కడ గడిపిన కొన్ని వారాలు తర్వాత ఆయన పెద్ద నవలకు బీజమయ్యాయి. ఆయనకు ముందు అదే దావోస్‌కు అదే కారణంతో ఇంకొకాయన వచ్చాడు, షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కోనన్ డాయిల్. భార్యకు క్షయ. ఆమె వరండాలో ఎండకు పడుకొని ఉంటే, ఆయన బ్రాంగర్ అనే ఇద్దరు అన్నదమ్ములతో కలిసి స్కీలు నేర్చుకున్నాడు. 1894 మార్చిలో ఆ ముగ్గురూ మంచు కనుమ దాటి అరోజా అనే ఊరికి చేరారు. దాని గురించి ఆయన పత్రికలో రాశాక ఇంగ్లండులో చాలామందికి ఈ ఆట మీద కన్ను పడింది. ఇప్పుడు మా మేనల్లుడు చేసే తిరుగుడుకు అది పాత అడుగుజాడ. జబ్బు మనిషికి తోడుగా వచ్చినవాడు కొండను కనుక్కున్నాడు. మందులు వచ్చాక దావోస్ శానిటోరియాలు ఒక్కొక్కటే హోటళ్ళయ్యాయి. రోగులు ఎండకు పడుకున్న వరండాల్లోనే ఇప్పుడు స్కీలు విప్పి కాళ్ళు చాపుకుంటున్నారు. ఆరోగ్యవరం ఆసుపత్రిగానే ఉంది, అది నాకు సంతోషం.

మదనపల్లెకు వచ్చిన అతిథుల్లో కట్టెలు పేర్చి వెళ్ళినవారు ఒకరున్నారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు దక్షిణాదిలో తిరిగి అలసి, అనీబిసెంటు స్థాపించిన థియసాఫికల్ కళాశాలలో కొద్దిరోజులు ఉండడానికి వచ్చారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఇంటి అతిథి. అక్కడ ఆయన జనగణమన పాడి వినిపించారు. కజిన్స్ భార్య మార్గరెట్ దాని బాణీని స్వరాల్లో రాసుకున్నారు. టాగూరు ఆ పాటను ఇంగ్లీషులోకి తన చేతిరాతతో మార్చి ఇచ్చారు. విశ్రాంతికి వచ్చిన మనిషి ఆయన, ఊరికే తిని పడుకొని పోయినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. మా చిన్నప్పుడు ఈ కథ బడిలో చెప్పినప్పుడు గర్వపడ్డాం. ఇప్పుడు గర్వంకంటే ఇంకో సంగతి తోస్తుంది. ఇచ్చిన విడిదికి ఆయన కట్టిన బాడుగ అది.

ఇదే మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1961 నుంచి పాతికేళ్ళ పాటు ప్రతి వేసవీ స్విట్జర్లాండులో ప్రసంగాలిచ్చారు. వాటికోసం గ్స్టాడ్‌లో టానెగ్ అనే చెక్క ఇంట్లో చాలా ఏళ్ళు బస చేశారు. స్కీలకు పేరుపడిన ఊరు అది. మా మేనల్లుడు ఒక ఆదివారం అక్కడికి పోయి, "మన ఊరాయన ఉన్న చోటు" అని నాకు ఫోను చేశాడు. కృష్ణమూర్తి పెట్టిన రిషివ్యాలీ బడి హార్స్‌లీ కొండల దాపునే ఉంది. బోడిగా ఉన్న గుట్టల మీద చెట్లు పెంచి, వాననీళ్ళు నేలలోకి ఇంకేట్టు చేసి, ఆ లోయకు పక్షులను తిరిగి రప్పించిన చోటు అది. ఏళ్ళ తరబడి అక్కడ గుంటలు తవ్వినవాళ్ళు ఎవరి కోసం తవ్వారు?

పోయిన డిసెంబరులో వాడు సెలవు మీద వచ్చాడు. "హార్స్‌లీకి పోదాం పా మామా, కానీ నడిచి ఎక్కుదాం" అన్నాడు. నాకు అరవై దాటాయి. అయినా సరేనన్నాను. మదనపల్లెలో బస్సెక్కి, కొండ కింద క్రాసు దగ్గర దిగి, ఘాట్ రోడ్డు వెంటే నడక మొదలుపెట్టాం. తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు మలుపులు. రెండో మలుపుకే నాకు ఆయాసం వచ్చింది.

"నిదానం మామా. మాట్లాడతా నడవగలిగినంతే నడవాల. మాట ఆగిపోయిందంటే జోరు ఎక్కువైనట్టు. ఆడ మాకు మొదట చెప్పేది ఇదే."

అలాగే నడిచాం. మాట్లాడగలిగినంత నిదానంగా ఎక్కితే కొండ ఎంత మాట్లాడుతుందో నాకు ఆ రోజు తెలిసింది. ఎన్నిసార్లు కారులో పోయానో, ఎప్పుడూ చూడని చందనం చెట్లు చూశాను. మలుపు మలుపుకూ గాలి ఒక పొర చల్లబడుతోంది. వెయ్యి మీటర్ల ఎత్తుకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందన్న లెక్కన మదనపల్లెకూ ఆ కొండ నెత్తికీ తేడా నాలుగు డిగ్రీలకు మించదు. ఆ నాలుగు డిగ్రీల కోసమే కలెక్టరు బంగళా కట్టించాడు, ఆ నాలుగు డిగ్రీల కోసమే ఇప్పటికీ మనం కార్లు వేసుకొని పోతున్నాం.

దారిలో ఏనుగుల మాట వచ్చింది. మల్లమ్మ కొండ మీద ఇప్పుడు ఏనుగులు లేవు. కానీ 1980లలో దక్షిణాన తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగుల మంద ఒకటి కుప్పం, పలమనేరు అడవుల్లోకి నడిచి వచ్చింది. 1990లో అక్కడ కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఎన్నో తరాలుగా ఈ వైపు కనిపించని జంతువులు తిరిగి వచ్చి, ఒకప్పుడు తమదైన చోటును వెతుక్కున్నాయి. వాటికి మనం మిగిల్చింది తక్కువ. కుప్పం రైతుల పంట పోవడమూ నిజమే, రాత్రిళ్ళు చేలల్లో ప్రాణాలు పోవడమూ నిజమే. ఏనుగు కూడా మనం ఖాళీ చేసిన గదికి తర్వాత వచ్చినదే, దానికి కట్టెలు లేవు, నీళ్ళు లేవు. ఆ మాట వాడితో అంటే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

పైకి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సాయంత్రం గాలిబండ మీద కూర్చున్నాం. ఆ బండ మీద గాలి ఆగదు, చెవుల్లో హోరు. చీకటి పడ్డాక దూరాన మదనపల్లె దీపాలు. వాడు స్వెట్టరు వేసుకోలేదు, నేను మంకీ క్యాపు పెట్టుకొని కూడా వణుకుతున్నాను.

ఈ కొండ మీద నాకు ఒక చేదు జ్ఞాపకముంది. చాలా ఏళ్ళ క్రితం ఒక కొత్త సంవత్సరం రాత్రి కుటుంబంతో వచ్చి ఒక విడిదిలో దిగాం. కొండంతా కార్లు, పాటలు. తెల్లారేసరికి కుళాయిలో చుక్క లేదు. ముఖం కడుక్కోవడానికి లేక పిల్లలు ఏడ్చారు. బయటికి వచ్చి చూస్తే ముందు రాత్రి వచ్చినవాళ్ళు కారు కడిగిన నీళ్ళు మట్టిలో ఇంకా తడిగా ఉన్నాయి. కొంచెం సేపటికి ఒకామె రెండు ప్లాస్టిక్ బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి గది గదికీ పోసింది. నేను కోపంగా ఉన్నాను. ఆమె ముఖం చూశాక ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. మేమూ ముందు రాత్రి పిల్లలకు రెండేసి బకెట్ల వేణ్ణీళ్ళు పోసినవాళ్ళమే.

ఆ కొండ మీద నది లేదు. గంగోత్రి, మానస సరోవరం అని పెద్ద పేర్లు పెట్టుకున్న చిన్న నీటి మడుగులున్నాయి. వాన పడితే నిండుతాయి, లేకపోతే లేదు. మిగతాదంతా కింద నుంచి పైకి ఎక్కాల్సిన నీరు. రాయలసీమలో పల్లంలోనే నీళ్ళకు కరువైతే కొండ నెత్తిన ఇంకేముంటుంది? శ్రీశైలం దగ్గర కృష్ణా నీళ్ళను ఒక మెట్టు తర్వాత ఒక మెట్టు ఎత్తిపోసుకుంటూ వందల కిలోమీటర్ల హంద్రీ–నీవా కాలువలో మా వైపుకు, కుప్పం దాకా తెచ్చుకుంటున్నాం. మంచు కరిగించి ఒక గిన్నె నీళ్ళు చేసుకున్నవాడికి ఈ కాలువ విలువ వెంటనే అర్థమైంది. ఆల్ప్స్‌లో కట్టెలు ఏమిటో, మా కొండ మీద నీళ్ళు అది.

మర్నాడు పొద్దున పిగిలిపిట్టల కూతతో మెలకువ వచ్చింది. మామూలు పిగిలిపిట్టలు కావు, గొంతు కింద పసుపు ఉన్న రకం. దక్షిణాదిలో రాతిగుట్టల మీద మాత్రమే బతికే అరుదైన పిట్ట, ఈ కొండ దాని ఇళ్ళలో ఒకటి. కిటికీ తీసి చూస్తే బండల మధ్య పొదల్లో దూకుతోంది. మంచు మేఘం గదిలోకే వచ్చింది.

కుళాయిలో నీళ్ళు ఆ వేళప్పుడు వస్తున్నాయి, కాసేపటికి ఆగిపోతాయని ముందే చెప్పారు. మేమిద్దరం ఒక్క బకెట్టుతో కానిచ్చాం. గది ఖాళీ చేసే ముందు వాడు స్నానాల గదిలోకి పోయి, ఆ బకెట్టు నిండా నీళ్ళు పట్టి, మగ్గు బోర్లించి మూత పెట్టాడు. దుప్పట్లు మడిచాడు. మేము తెచ్చుకున్న నీళ్ళ సీసాలు, చక్కిలాల కవర్లు అన్నీ సంచీలో వేసుకున్నాడు. గది ఊడ్చడానికి వచ్చినామె బకెట్టు చూసి అడిగింది.

"ఇది యాల నింపినారు సామీ? మీరు పోతా ఉండారు కదా?"

"తర్వాత వచ్చేవాళ్ళకు అక్కా."

ఆమె ఒక నిమిషం మూత వైపు చూసింది. "పైటాలకు కుప్పం నుంచి ముసిలోళ్ళు ఇద్దరు వస్తా ఉండారు. నేను మోసి పెట్టాల్సిన నీళ్ళే ఇవి" అంది. మూత తియ్యకుండా బకెట్టును గోడ వారకు జరిపి, కొంగు బిగించుకొని ఊడ్చడం మొదలుపెట్టింది.

హార్స్‌లీ కొండకు పోయేవాళ్ళకు నాది ఒక విన్నపం. తాగే నీళ్ళు కింద నుంచే పట్టుకుపోండి. ఒక మనిషికి ఒక బకెట్టుతో సరిపెట్టుకోండి. కార్లు కిందికి వచ్చాక కడుక్కోండి. గాలిబండ మీద ఏదీ వదలకండి, మీ ఖాళీ సీసాలు మీతోనే దిగి రావాలి. గది వదిలే ముందు కుళాయిలో నీళ్ళు వస్తుంటే ఒక్క బకెట్టు నింపి, మూత పెట్టి రండి.